రంగంటే భయమెందుకు?

పెన్సిలుతో బొమ్మ గీశారు. చింతచెట్టు, దాని కింద ఎడ్లబండి, వెనకాల కొండ. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. ఇక రంగులు వెయ్యాలి. రంగుల పెట్టె తెరిచారు, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకున్నారు, కుంచె తడిపారు. సరిగ్గా అక్కడ చెయ్యి ఆగిపోయింది. "ఇంత కష్టపడి గీసింది, రంగేస్తే పాడవుతుందేమో!" అన్న అనుమానం పట్టుకుంది. చివరికి ఆకులకు లేతగా కాస్త ఆకుపచ్చ పూసి, ఆకాశానికి నీళ్ళలాంటి నీలం రాసి, మిగతాది అలాగే వదిలేశారు. లేదా అసలు పెట్టే మూసేశారు.

ఇది మీ సంగతేనా? అయితే ముందుగా ఒక మాట. ఈ భయం ఒట్టి పిరికితనం కాదు, దానికి సరైన కారణాలే ఉన్నాయి. పెన్సిలు పట్టుకున్నప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక్కటే మార్పు. నొక్కి గీస్తే నలుపు, తేలిగ్గా గీస్తే లేత. తప్పయితే రబ్బరుంది. రంగు పట్టుకోగానే మూడు ప్రశ్నలు ఒక్కసారిగా మీద పడతాయి. ఏ రంగు? ఎంత ముదురు? ఎంత కాంతివంతంగా ఉండాలి, ఎంత మసకగా ఉండాలి? పైగా రబ్బరు పనిచేయదు. పక్కనున్న రంగు తగిలితే అనుకోని మూడో రంగు పుడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా కనిపిస్తుంది. ఇన్ని ఒకేసారి జరుగుతుంటే ఎవరి చెయ్యయినా వణుకుతుంది.

అయితే ఈ చిక్కులన్నీ కాంతివల్లా, కంటివల్లా వచ్చేవే. కలిసికట్టుగా వచ్చినప్పుడే అవి భయపెడతాయి. ఒక్కొక్కదాన్ని విడదీసి పరీక్షిస్తే అంత భయపెట్టేవేమీ కావు. ఒక రంగుల పెట్టె, నాలుగు చిత్తుకాగితాలు దగ్గర పెట్టుకుని చదవండి. చదువుతూనే చేసి చూడండి.

రంగు బిళ్ళ ఏం తింటుంది?

ఇంగ్లండుకు చెందిన న్యూటన్ 1666లో గాజు పట్టకం గుండా సూర్యకాంతిని పంపి, తెల్లని వెలుగులో ఊదా మొదలు ఎరుపు దాకా రంగులన్నీ కలిసి ఉన్నాయని కనిపెట్టిన సంగతి మీరు పాఠంలో చదివే ఉంటారు. ఆ సంగతికీ మీ రంగుల పెట్టెకూ దగ్గర చుట్టరికముంది.

పసుపు రంగు బిళ్ళలో పసుపు వెలుగేదీ దాగిలేదు. చీకట్లో పెట్టె తెరిస్తే అది వెలగదు కదా! తనమీద పడిన తెల్లని వెలుగులోంచి నీలాన్నీ ఊదానూ అది మింగేస్తుంది. మింగకుండా వదిలిన ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ కలిసి మన కంటికి చేరితే "పసుపు" అంటున్నాం. అలాగే నీలం బిళ్ళ ఎరుపు, నారింజ, పసుపు భాగాలను మింగి నీలాన్నీ, దాని పక్కనున్న ఆకుపచ్చను కొంతా వదులుతుంది.

ఇప్పుడు రెంటినీ కలపండి. పసుపు వదిలినదాంట్లో ఎరుపునూ నారింజనూ నీలం మింగేసింది. నీలం వదిలినదాంట్లో నీలాన్ని పసుపు మింగేసింది. ఇద్దరూ ముట్టుకోకుండా వదిలింది ఆకుపచ్చ ఒక్కటే. మన కాగితం మీద మిగిలేదీ అదే. అంటే నీలమూ పసుపూ కలిసి ఆకుపచ్చను "తయారు" చెయ్యలేదు. ఉన్న వెలుగులోంచి మిగతావన్నీ తీసేయగా మిగిలిన శేషమన్నమాట.

ఈ తేడాను చాలాకాలం ఎవరూ సరిగా పట్టించుకోలేదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1852లో వెలుగులను కలపడం వేరు, రంగు పొడులను కలపడం వేరు అని స్పష్టంగా విడదీసి చూపించాడు. నీలం, పసుపు కాంతులను ఒకే చోట పడేలా చేస్తే తెలుపు వస్తుంది గాని ఆకుపచ్చ రాదు. మీ ఇంట్లో టీవీ గాని, మొబైల్ ఫోన్ గాని ఉంటే వేలికొనతో ఒక చిన్న నీటిచుక్కను తెరమీద ఉంచి చూడండి. చుక్క భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను చూపిస్తుంది. తెరమీద పసుపు కనిపించే చోట ఎరుపూ ఆకుపచ్చా వెలుగుతుంటాయి. అక్కడ వెలుగుకు వెలుగు చేరుతుంది. కుంచె దగ్గర వెలుగులోంచి వెలుగు తగ్గుతుంది.

రంగులు కలిపేకొద్దీ బొమ్మ ఎందుకు బురద అవుతుందో ఇప్పుడు చెప్పగలరా? రెండు బిళ్ళలు కలిపితే తినేవాళ్ళు ఇద్దరు. మూడు కలిపితే ముగ్గురు. పెట్టెలోని పన్నెండు బిళ్ళలూ కలిపితే పన్నెండుగురు కూర్చుని పంక్తిభోజనం చేస్తారు. ఇక విస్తట్లో ఏం మిగులుతుంది? మసి లాంటి గోధుమ రంగు. ఇందులో మీ చేతి దురదృష్టమేమీ లేదు, ఎవరు కలిపినా అదే వస్తుంది. కనుక రంగు తేటగా కావాలంటే రెంటితో ఆపండి. మూడోది కలిపేముందు "దీనికి తినడానికి ఇంకేం మిగిలింది?" అని ఒక్క క్షణం ఆలోచించండి.

ఎర్రటి ఎరుపు, గులాబీ ఎరుపు

ఇంతవరకూ బాగానే ఉంది. కాని చాలామంది పిల్లల్ని నిజంగా విసిగించే చిక్కొకటుంది. ఎరుపూ నీలమూ కలిపితే వంగపండు రంగు రావాలని పుస్తకంలో ఉంటుంది. కలిపితే మాత్రం ఎండిపోయిన రక్తంలాంటి రంగొకటి వస్తుంది. దాంతో "నాకు రంగులు కలపడం రాదు" అని తేల్చేసుకుంటారు.

మీ పెట్టెలో ఎరుపులు రెండున్నాయేమో చూడండి. ఒకటి కాస్త నారింజవైపు మొగ్గుతుంది, నిప్పుకణికలా. రెండోది గులాబీవైపు మొగ్గుతుంది, పండిన దానిమ్మగింజలా. బిళ్ళమీద వెర్మిలియన్ అనో స్కార్లెట్ అనో ఉంటే మొదటి రకం. క్రిమ్సన్ అని ఉంటే రెండో రకం. మొదటిది నీలాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. దాన్ని నీలంతో కలిపితే ఇద్దరూ కలిసి అన్నిటినీ ఖాళీ చేస్తారు. రెండోది ఎరుపుతోపాటు నీలం, ఊదా భాగాలను కొంత వదులుతుంది. అందుకని దానితో కలిపితే వంగపండు రంగు వస్తుంది. రెండు చోట్లా విడివిడిగా కలిపి పక్కపక్కనే చిన్న గళ్ళలో పూసి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పటి రంగుల ప్రింటర్లలో మామూలు ఎరుపు సిరా ఉండకపోవడానికి కారణం కూడా ఇదే. అందులో గులాబీవైపు మొగ్గే మెజెంటా, ఆకుపచ్చవైపు మొగ్గే నీలమైన సయాన్, పసుపు, నలుపు ఉంటాయి. ఒక్కొక్కటి వెలుగులో ఒక్కొక్క భాగాన్నే తింటుంది గనుక కలిసినా తేటగా ఉంటాయి.

అసలు మీ పెట్టెలోని నీలాలలో ఒకదానికి ప్రష్యన్ నీలమని పేరు. దాని పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1706 ప్రాంతాల బెర్లిన్‌లో ఒక రంగుల తయారీదారు ఎర్ర రంగు చెయ్యబోయాడట. అందులో వాడిన పొటాష్ కల్తీదయింది. ఎరుపుకు బదులు చిక్కటి నీలం దిగింది! ఎరుపు కావాలనుకుని నీలం తెచ్చుకున్నవాళ్ళలో మీరే మొదటివాళ్ళు కారు సుమా.

కనిపించని రంగుతో బొమ్మ వేసేవాళ్ళు

తుడిచే వీలు లేదు కనుకనే రంగంటే భయమని కొందరంటారు. అలాంటివాళ్ళు మన చిత్తూరు ప్రాంతపు శ్రీకాళహస్తిలో కలంకారీ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి.

అక్కడ నూలు గుడ్డను ముందుగా కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వువల్ల రంగు గుడ్డమీద అటూ ఇటూ పాకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తర్వాత వెదురుకలానికి గుడ్డ చుట్టి, "కసిమి" అనే ద్రవంలో ముంచి గీతలు దిద్దుతారు. తుప్పుపట్టిన ఇనపముక్కల్ని బెల్లం నీళ్ళలో చాలా రోజులు పులియబెడితే వచ్చేదే కసిమి. అది మామూలుగా అంత నల్లగా ఉండదు. కరక్కాయలోని టానిన్ తగలగానే, ఇనుముతో అది కలిసి చిక్కటి నలుపవుతుంది. ఒకసారి పడితే ఇక పోదు.

దీన్ని మించిన వింత ఎరుపు దగ్గరుంది. ఎరుపు రావలసిన చోట కళాకారుడు ఎరుపు పుయ్యడు. పటిక నీళ్ళు పూస్తాడు! పటిక నీళ్ళకు చెప్పుకోదగిన రంగేమీ లేదు. ఆ తర్వాత ఎరుపునిచ్చే వేళ్ళూ చెక్కా వేసి కాగబెట్టిన నీళ్ళలో గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు గట్టిగా అంటుకుంటుంది. మిగతాచోట్ల ఉతికితే పోతుంది. అంటే బొమ్మ వేసేవాడు తాను వేస్తున్న రంగును చూడకుండానే వేస్తున్నాడన్నమాట. ఆకుపచ్చ కావలసిన చోట నీలిమందు నీలమూ కరకపువ్వు పసుపూ ఒకదానిమీద ఒకటి పడతాయి. తినగా మిగిలిన శేషమే ఆకుపచ్చ అని పైన చెప్పుకున్న లెక్క గుడ్డమీదా అంతే.

ఈ పని చేసేవారికి భయం లేకపోవడానికి కారణం వాళ్ళు పుట్టు ధైర్యవంతులు కావడం కాదు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది దేనితో కలిస్తే ఏమవుతుంది అనేది చేతికి తెలిసి ఉండటం. వాళ్ళ దగ్గరుండేవి నాలుగైదు రంగులే కావడం కూడా పెద్ద సహాయం. నన్నడిగితే, పన్నెండు బిళ్ళల పెట్టె కొనివ్వడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మేలు చెయ్యడం కాదు. పెట్టె ఇప్పటికే కొన్నారా? ఫరవాలేదు, మూడు బిళ్ళలు వదిలి మిగతావాటి మీద ఓ కాగితం ముక్క కప్పేయండి.

మందారం ఎప్పుడు నల్లబడుతుంది?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వద్దాం. ఒక రోజు సాయంత్రం పొద్దుగూకుతుండగా ఎర్ర మందారచెట్టు దగ్గర నిలబడండి. దీపాలు వెయ్యకండి. వెలుగున్నప్పుడు పువ్వు ఆకులకన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చీకటి పడేకొద్దీ పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం బూడిదరంగులో ఇంకా కాస్త తెల్లగానే కనిపిస్తుంటాయి. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే ఈ మార్పును సుమారు 200 ఏళ్ళ క్రితమే గమనించాడు.

కారణం మన కంటి వెనకభాగంలో ఉంది. అక్కడి నేత్రపటలంలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. శంకువుల ఆకారంలో ఉన్నవి సుమారు 60 లక్షలు. రంగులు చూసేవి ఇవే. కాని వాటికి మంచి వెలుతురుండాలి. దండాల ఆకారంలో ఉన్నవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. మసక వెలుతురులో పనిచేసేవి ఇవి. వీటికి రంగులు తెలియవు, వెలుగు నీడలే తెలుస్తాయి. పైగా ఎరుపంటే వీటికి దాదాపు గుడ్డితనమే. అందుకే మందారం నల్లబడింది.

దీనివల్ల మనకు తెలిసేదేమిటంటే, రంగు వేరు, వెలుగు వేరు. రంగులేవీ లేకపోయినా చెట్టు చెట్టులాగే, బండి బండిలాగే గుర్తుపట్టగలం. పాత నలుపు తెలుపు సినిమాల్లో ఎవరి చీర ఏ రంగో తెలియకపోయినా కథ తెలియకుండా పోయిందా? బొమ్మను నిలబెట్టేది ముదురు, లేత. ఇవి సరిగ్గా కుదిరితే మనిషి ముఖానికి ఆకుపచ్చ రంగు వేసినా ముఖంలాగే ఉంటుంది. ఇవి కుదరకపోతే అచ్చం చర్మం రంగు కలిపి పూసినా అట్టముక్కలా ఉంటుంది.

ముదురు, లేతలను వేయడం మీకు ఇప్పటికే వచ్చు. పెన్సిలుతో చేస్తున్న పని అదే కదా! రంగుల్లో మీకు సగం పని వచ్చేసిందన్నమాట. మిగతా సగానికే భయపడుతున్నారు.

ఈ దారిన నడిచి రంగుల దగ్గరికి చేరిన పెద్ద చిత్రకారుడొకడున్నాడు. స్విట్జర్లాండులో 1879లో పుట్టిన పాల్ క్లే. వయొలిన్ బాగా వాయించేవాడు. గీతల్లో మహా నేర్పరి. కాని చాలా ఏళ్ళపాటు రంగులు అతనికి లొంగలేదు. అతను చేసిన పని చూడండి. నీటిరంగులలో నలుపు ఒక్కటే తీసుకుని, బాగా పలచగా ఒక పూత పూసి, ఆరనిచ్చి, దానిమీద ఇంకొక పూత, దానిమీద మరొకటి వేస్తూ, తెలుపునుంచి నలుపు దాకా మెట్లు ఎక్కడం సాధన చేశాడు. 1914 ఏప్రిల్‌లో మాకే, మువాయే అనే ఇద్దరు చిత్రకారమిత్రులతో ఆఫ్రికా ఉత్తర తీరాన ఉన్న ట్యునీషియాకు వెళ్ళాడు. అక్కడి ఎండ, తెల్లగోడలు, గుమ్మటాలు, తోటలు చూస్తూ వరసగా నీటిరంగుల బొమ్మలు వేశాడు. కైరువాన్ అనే ఊళ్ళో ఉండగా, రంగు ఇక తనను వదిలిపోదని, తాను చిత్రకారుణ్ణయ్యానని దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి అతనికి 34 ఏళ్ళు! తర్వాత 1921 నుంచి జర్మనీలోని బౌహౌస్ అనే పేరుమోసిన కళాశాలలో పాఠాలు చెప్పాడు.

మీరు అన్నేళ్ళు ఆగనక్కరలేదు. ఒక ఆదివారం చాలు. కాగితంమీద తొమ్మిది గళ్ళు గీసి, ఒక్క నీలం రంగుతో మొదటిదాన్ని తెల్లగా వదిలి చివరిదాన్ని చిక్కగా ముదురు చేస్తూ మెట్లు కట్టండి. నీళ్ళు ఎక్కువైతే లేత, తక్కువైతే ముదురు. తర్వాత ఆ ఒక్క నీలంతోనే మీ చింతచెట్టు, ఎడ్లబండి బొమ్మ మొత్తం వెయ్యండి. ఇక్కడ ఏ రంగు వెయ్యాలన్న ప్రశ్నే లేదు. చూడవలసింది ముదురు, లేత మాత్రమే. మరుసటివారం దానికి ఒక గోధుమరంగు చేర్చండి. ఎండ పడిన చోట్లకు గోధుమరంగు, నీడకు నీలం. రెండు రంగులతోనే ఎంత పని జరుగుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ముదురు, లేత సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయముంది. కళ్ళు సగం మూసి, రెప్పల సందులోంచి బొమ్మను చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద వెలుగునీడలే మిగులుతాయి. ఇంట్లో మొబైల్ ఫోన్ ఉంటే బొమ్మను ఫోటో తీసి, రంగులు తీసేసి నలుపు తెలుపుల్లో చూడొచ్చు. చెట్టూ కొండా ఒకే బూడిదరంగులో కలిసిపోయి కనిపిస్తే, లోపం రంగుల్లో లేదు, మెట్లలో ఉంది.

పక్కింటివాళ్ళ ప్రభావం

రంగు వెయ్యగానే "అమ్మో, మరీ ముదురైపోయింది!" అనిపిస్తుంది చూశారా? వెంటనే నీళ్ళు పోసి లేతచేసేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ బొమ్మలు వెలిసిపోయినట్టు ఉండటానికి ముఖ్యకారణం ఇదే. నిజానికి అది ముదురు కాదు. మీ కన్ను మిమ్మల్ని మోసం చేసింది.

ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడుండేవాడు. కొవ్వులమీద పరిశోధనలు చేసి పేరు తెచ్చుకున్నవాడు. 102 ఏళ్ళు బతికాడు. 1824లో పారిస్‌లోని గోబ్లే అనే ప్రసిద్ధ నేతశాలలో అద్దకాల విభాగానికి అధికారి అయ్యాడు. అక్కడ నల్లదారం మీద ఫిర్యాదులొచ్చాయి. నీలం, ఊదా దుస్తుల మడతల్లో నీడకోసం వాడిన నలుపు నల్లగా ఉండటం లేదని. ఆయన దారాన్ని పరీక్షించాడు. అద్దకంలో లోపమేమీ కనిపించలేదు. మరి తప్పెక్కడ? పక్కనున్న నీలానిది! నీలం పక్కన పెట్టేసరికి అదే నలుపు వన్నె మారి వెలవెలబోతోంది. ఏ రంగయినా తన పక్కనున్న రంగును తనకు వ్యతిరేకమైన వైపుకు నెడుతుందని ఆయన ఎన్నో ప్రయోగాలతో చూపించి 1839లో పెద్ద గ్రంథం రాశాడు. చిత్రకారులు దాన్ని ఎంతో ఇష్టంగా చదివారు.

మీరూ చేసి చూడండి. వార్తాపత్రిక అంచునుంచి ఒకే బూడిదరంగు ముక్కలు రెండు కత్తిరించండి. ఒకదాన్ని నల్ల కాగితంమీద, రెండోదాన్ని తెల్ల కాగితంమీద ఉంచండి. నలుపుమీద ఉన్నది లేతగా, తెలుపుమీద ఉన్నది ముదురుగా కనిపిస్తాయి. ఇంకో ముక్కను మెరిసే ఎర్ర కాగితంమీద పెట్టి, పైన పలచని బటర్ పేపరు పరవండి. బూడిదరంగులోకి ఆకుపచ్చ జీర వస్తుంది.

ఇప్పుడు మీ మొదటి కుంచెపూత సంగతి ఆలోచించండి. దాని చుట్టూ ఉన్నదేమిటి? తెల్లని కాగితం. తెలుపు పక్కన ఏ రంగయినా నల్లబడి కనిపించక తప్పదు. కాగితమంతా నిండాక అదే పూత లేతగా కనిపిస్తుంది. దీనికితోడు నీటిరంగు ఆరాక ఇంకా లేతబడుతుంది. తడి ఉన్నప్పుడు పైభాగం నున్నగా ఉండి, వెలుగు రంగుపొరలోకి దిగి వస్తుంది. ఆరితే పైభాగం గరుకై, తెల్లని వెలుగును కొంత అన్ని వైపులకూ చెదరగొడుతుంది. తడిసిన ఎర్రమట్టి నేల ఆరినదానికన్నా ముదురుగా కనిపించేదీ ఇటువంటి కారణంచేతనే. రెండు వైపులనుంచీ కన్ను మోసపోతోంది గనుక, మొదటి పూత "కాస్త ఎక్కువైందే" అనిపించేటట్టు వేసి, ఆరేదాకా చెయ్యి కట్టుకు కూర్చోండి. ఆ పది నిమిషాలూ కూర్చోవడమే అందరికీ కష్టం.

ఒక్క జాగ్రత్త. నీటిరంగు పలచని పొర. వెలుగు దాని గుండా దిగి, కాగితపు తెలుపుకు తగిలి, మళ్ళీ రంగు గుండా పైకొస్తుంది. అంటే మీ బొమ్మలో దీపం కాగితమే. తెల్లగా ఉండవలసిన చోట్లు ముందే చూసుకుని ఖాళీగా వదలండి. ఈ రంగుల్లో తర్వాత తెలుపు తేవడం కష్టం.

ఆకులకు గోధుమరంగు వేసే అబ్బాయి

మీ తరగతిలో ఆకులకు గోధుమరంగు వేసి తిట్లు తిన్న అబ్బాయి ఎవరైనా ఉన్నాడా? అందరూ నవ్వేసరికి రంగుల పెట్టె ముట్టుకోవడమే మానేశాడా? అతని భయానికి కారణం వేరే ఉండొచ్చు.

శంకుకణాలు మూడు రకాలు. వాటిలో ఒక రకం లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగుల మధ్య తేడా తెలియదు. దీన్ని వర్ణాంధత్వం అంటారు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు ఇది ఉండేది. తన కంటి సంగతిని 1794లో ఆయనే శాస్త్రజ్ఞుల సభలో చదివాడు. దీనికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగపిల్లలకు ఆ క్రోమోజోము ఒక్కటే గనుక వారిలోనే ఇది ఎక్కువ. జపాన్ వైద్యుడు ఇషిహరా 1917లో ప్రకటించిన చుక్కల పటాలతో కంటివైద్యులు దీన్ని నిమిషాల్లో పరీక్షిస్తారు.

అతనికి సోమరితనమూ లేదు, అజాగ్రత్తా లేదు. అతని బిళ్ళలమీద పేర్లు రాసి పెట్టండి. పెట్టెలో వాటి వరస మార్చకండి. ముదురు, లేతలను అతను మీ అంత బాగానే చూడగలడు. ఫ్రాన్సులో చార్లెస్ మెరియాన్ అనే కళాకారుడికి వర్ణాంధత్వం ఉండేది. అతను రాగిరేకు మీద గీతలు కొరికించి ముద్రించే పని చేపట్టి, పారిస్ వీధులను నలుపు తెలుపుల్లో అద్భుతంగా చూపించాడు. రంగులొద్దనుకోవడానికి అతనికి కారణముంది. మామూలు చూపున్న మీకు ఆ కారణం లేదు!

ఇక మీ బొమ్మ దగ్గరికి వెళ్ళండి. మంచి కాగితానికి ముందు ఒక చిత్తుకాగితం పక్కన పెట్టుకోండి. ప్రతి రంగునూ దానిమీద ఒక గీటు గీసి, ఆరనిచ్చి చూశాకే బొమ్మమీద వెయ్యండి. నీళ్ళకు రెండు గ్లాసులు పెట్టుకోండి. ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. కడిగిన నీళ్ళతోనే రంగు కలిపితే పిలవని చుట్టాలు పంక్తిలో కూర్చున్నట్టే.

పని అయ్యాక పళ్ళెంలో అన్నీ కలిసిన బురద కొంచెం మిగులుతుంది. దాన్ని పారబొయ్యకండి. బొమ్మలో మీకు మట్టిరోడ్డు, గేదె వీపు, రాతిగుట్ట, చింతమాను బెరడు కావాలి కదా. పెట్టెలో వాటికి బిళ్ళలు లేవు. ఆ బురదలో కాసింత నీలం వేస్తే రాతిగుట్టకు నీడ వస్తుంది. ఇంకాస్త ఎరుపు వేస్తే బండి వెళ్ళిన దారి.